టెన్నిస్ నేర్పే చోట ఆడవాళ్ళు



హక్కుల సమావేశంలో టెన్నిస్ ఊసేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. డబ్బున్నవాళ్ళ ఆట కదా అంటారు. నిజమే. క్లబ్బు సభ్యత్వం, రాకెట్టు, బూట్లు, అన్నీ ఖరీదే. కానీ గేటు దాటి లోపలికొచ్చిన ఆడపిల్లల్ని కూడా నేర్పే పద్ధతే బయటికి పంపేస్తోంది.

మామూలుగా ఏం చేస్తారు? ఏడేళ్ళ పాపని 78 అడుగుల కోర్టులో నిలబెట్టి పెద్దవాళ్ళ బంతి వేస్తారు. అది నేలకి తగిలి ఆమె తలమీదుగా లేచిపోతుంది. నాలుగు రోజులు తంటాలు పడి మానేస్తుంది. "ఆడపిల్ల, బలం చాలదు" అని తేల్చేస్తారు. మగపిల్లవాడికైతే "ఇంకో ఏడాది చూద్దాం" అంటారు.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2007లోనే దీనికి మార్గం చూపింది. ఎర్ర బంతి మామూలు పసుపు బంతికన్నా సుమారు 75 శాతం నెమ్మది, దానికి 36 అడుగుల కోర్టు చాలు. నారింజ బంతి 50 శాతం, ఆకుపచ్చది 25 శాతం నెమ్మది. పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో పసుపు బంతి వాడరాదని 2012 నుంచి నిబంధన కూడా ఉంది. నలభై దాటాక మొదటిసారి రాకెట్టు పట్టిన స్త్రీకీ నేను ఎర్ర బంతే ఇస్తాను. మొదటి రోజే బంతి నాలుగుసార్లు అటూ ఇటూ నడిస్తే ఆమె మళ్ళీ వస్తుంది. బడి ఆవరణలో సుద్దగీతలు గీసి, రెండు గుంజలకి తాడు కట్టినా ఆట సాగుతుంది.

పదిమందిని వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరికే బంతి వేయడం నాకు నచ్చదు. తొమ్మిదిమంది ఊరికే నిలబడతారు. జంటలుగా విడదీసి, కొత్తవాళ్ళని నెట్ దగ్గర, వచ్చినవాళ్ళని వెనక గీత దగ్గర ఆడించవచ్చు. చక్రాల కుర్చీలో ఆడేవారికి బంతి రెండుసార్లు నేలని తాకవచ్చు. చూపులేనివారికోసం జపాన్‌లో 1984లో మియోషి తకేయి శబ్దం చేసే స్పాంజి బంతితో ఆట రూపొందించాడు. నియమం సడలిస్తే ఆట పాడవుతుందనేవాళ్ళు ఇవి చూడాలి.

దుస్తుల సంగతీ అంతే. 2015లో డబుల్స్‌లో ప్రపంచ మొదటి ర్యాంకు అందుకున్న మన హైదరాబాదు సానియా మీర్జా విషయంలో, 2005లో ఆమె ఆటకన్నా బట్టల మీదే పెద్ద గొడవ నడిచింది. నేర్చుకోడానికి వచ్చినామె సల్వార్ కమీజుతో ఆడితే ఎవరికి నష్టం?

ఇక అసలు విషయం. పట్టు సరిచేసే పేరుతో చెయ్యి వేయడం ఈ ఆటలో తేలిక. కోచ్ తను చేసి చూపాలి, ముట్టుకోవాల్సి వస్తే ముందు అడగాలి. "ఆయనకి కోపమొస్తే సెలెక్షన్ పోతుంది" అని తల్లిదండ్రులే పిల్ల నోరు నొక్కడం మనకి తెలుసు. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం క్రీడాసంస్థల్నీ, స్టేడియంలనీ, శిక్షణ జరిగే చోట్లనీ పనిస్థలాలుగా పేర్కొంది. పదిమందికన్నా తక్కువ సిబ్బంది ఉన్న అకాడమీ అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి రాయాలి. మామూలుగా మూడు నెలల గడువు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం తెలిసీ ఫిర్యాదు చేయని పెద్దలు కూడా శిక్షార్హులే.

ఈసారి మీ ఊరి స్టేడియంకి వెళ్ళండి. ఆడవాళ్ళకి కోర్టు ఏ వేళల్లో ఇస్తున్నారో, బట్టలు మార్చుకునే గదికి గడియ ఉందో లేదో చూడండి. ఫిర్యాదు ఎవరికివ్వాలో గోడమీద రాసి లేకపోతే నిర్వాహకుల్ని కాగితం పెట్టి అడగండి. నకలు మాకూ పంపండి.