పనివాని ప్రమాదము – యజమాని బీమా



ధవళేశ్వరము పేరు చెప్పగనే మనకు కాటను దొరగారి ఆనకట్ట జ్ఞప్తికి వచ్చును. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ఆ కట్టడమునకు సమీపపు కొండరాతిని పగులగొట్టి, ఇనుపపట్టాలపై నడచు బండ్లతో ఏటియొడ్డునకు చేర్చిరి. అందు వేలకొలది కూలివాండ్రు పాటుపడిరి. ఆ కాలమున పనిలో కాలు విరిగినవానికి గాని, ప్రాణము పోయినవాని ఆలుబిడ్డలకు గాని ఇంత ఇయ్యవలెనని నిర్ణయించిన శాసనము మన దేశమున లేదు. 1855లో ప్రాణనష్టమును గూర్చి చట్టమొకటి వచ్చినను, యజమాని తప్పును న్యాయస్థానమున రుజువు చేయగలవారికే అది అక్కఱకు వచ్చెను. కూలివాని వితంతువు అట్టి రుజువు ఎక్కడనుండి తేగలదు?

జర్మనీ 1884లోను, ఇంగ్లండు 1897లోను ఈ చిక్కును విడదీయుటకు చట్టములు చేసినవి. మన దేశమున పనివాండ్ర నష్టపరిహార చట్టము 1923లో పుట్టి, 1924 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అందలి విధులు నేడు 2020వ సంవత్సరపు సాంఘిక భద్రతా స్మృతిలో చేరి, 2025 నవంబరు 21వ తేదీనుండి ఆ స్మృతి మూలముగా నడచుచున్నవి. సూత్రము మాత్రము మారలేదు. పనిలో నుండగా, పని కారణముగా ప్రమాదము కలిగినచో, యజమాని తప్పు ఉన్నను లేకున్నను పరిహారము ఇయ్యవలసినదే.

ఇది పెద్ద మిల్లులకు సంబంధించిన మాట, మనకేల యని తలపవలదు. యంత్రముతో సాగు వ్యవసాయపు పనియు, తాటిచెట్లు గీయుటయు, చెట్లు నఱకుటయు చట్టపు పట్టికలో నున్నవి. ట్రాక్టరు నడపుటకు కూలివానిని పెట్టిన రైతును యజమానియే. తన వ్యాపారపు పనిని మేస్త్రీకి ఒప్పగించినంత మాత్రమున అసలు యజమాని బాధ్యత తొలగదు. ముందు తాను చెల్లించి, పిమ్మట మేస్త్రీనుండి రాబట్టుకొనవలెను.

ఆ పరిహార మెంత? నలువది యేండ్ల వయసుగల పనివాడు నెలకు 10,000 రూపాయలు సంపాదించుచు మరణించెననుకొందము. అతని కూలిలో సగము 5,000. ఆ వయసునకు చట్టము నిర్ణయించిన గుణకము 184.17. రెంటిని హెచ్చవేయగా 9,20,850 రూపాయలగును. అతడు బ్రతికియుండి శాశ్వతముగా ఏ పనికిని పనికిరానివాడైనచో, సగమునకు బదులు నూటికి అరువది వంతున 11,05,020 రూపాయలు ఇయ్యవలెను.

ఇద్దరు ముగ్గురు కూలివాండ్రతో చిన్న పిండిమర నడపువాడు ఈ సొమ్ము ఎక్కడనుండి తెచ్చును? పొలము అమ్మవలెను, లేదా ఇల్లు తాకట్టు పెట్టవలెను. అదియు లేనివాడైనచో తీర్పు కాగితము మాత్రమే వితంతువు చేతికి వచ్చును. కాగితమును కాచి బిడ్డలకు గంజి పోయలేము గదా! యజమాని బీమా ఈ రెండు కుటుంబములను ఒక్కమారే కాపాడును. ఏటేట కూలిమొత్తమునుబట్టి, పనిలోని అపాయమునుబట్టి కొంత సొమ్ము కట్టినచో, పరిహారభారమును బీమా సంస్థ వహించును. కార్మిక రాజ్య బీమా క్రింద చేరిన పనివాండ్రకు ఆ సంస్థయే చెల్లించును గనుక వారికి వేఱుగా అక్కఱలేదు.

అయితే మూడు జాగ్రత్తలు వలయును. మొదటిది, బీమా ప్రమాదమునకు ముందే యుండవలెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినవానికి నీరు దొరకదు. రెండవది, హాజరుపట్టీలో పదుగురుండగా నలుగురిని మాత్రమే చూపరాదు. మిగిలినవారి భారము యజమాని నెత్తినే పడవచ్చును. మూడవది, పరిహారము నెలలోపల చెల్లింపక జాగు చేసినచో వడ్డీయేగాక జరిమానా సైతము పడవచ్చును. ఆ జరిమానాను బీమా సంస్థ భరింపనక్కఱలేదని 1997లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

ఇక గ్రామపెద్దలైన మీతో ముఖ్యముగా మనవి చేయవలసినదొకటి కలదు. ఇట్టి ప్రమాదము జరిగినప్పుడు రావిచెట్టు క్రింద పంచాయతీ పెట్టి, ఏ యేబది వేలో ఇప్పించి, ‘ఇక దావా లేదు’ అని కాగితము వ్రాయించుట మన యూళ్లలో వాడుక. సదుద్దేశముతోనే చేయుదురు. కాని హక్కును వదలుకొన్నట్లు వ్రాసిన ఆ కాగితము చెల్లదు. మరణపరిహారము ప్రభుత్వము నియమించిన అధికారియొద్ద జమకట్టవలెను. కుటుంబమునకు చేతికిచ్చిన సొమ్ములో మూడు నెలల కూలికి లోబడిన బయానాయే లెక్కకు వచ్చును. కావున మీరు చేసిన రాజీవలన వితంతువునకు తక్కువ ముట్టును, యజమానికి ఋణము తీరదు. ‘వాడు త్రాగియుండెను’ అను వాదమును మరణవిషయమున నిలువదు.

రాజీ చేయు పెద్దరికముకంటె, పని ఆరంభించుటకు ముందే ‘బీమా కట్టితివా?’ అని యజమానిని అడుగు పెద్దరికము గొప్పది. ఈ యేడు మీ యూరి మర యజమానిని, ట్రాక్టరు గల రైతును, కంట్రాక్టరును ఆ మాట అడుగుడు. ప్రమాదము జరిగిన పిదప అధికారియొద్దకు త్రోవ చూపుడు. గోదావరి వఱద వచ్చిన పిదప గట్టు వేయరాదని మన డెల్టావారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

సెలవు.