ఫ్రీ స్పీచ్ దేశం మన ఇన్‌స్టా ఎందుకు చూస్తానంటోంది?

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, అమెరికా అంటే ఫ్రీ స్పీచ్ అంటారు కదా, మరి స్టూడెంట్ వీసాకి అప్లై చేస్తే ఇన్‌స్టాగ్రామ్ పబ్లిక్‌లో పెట్టమంటారేంటి?" అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ అలా చెబితే సగమే అర్థమవుతుంది. కాబట్టి కాస్త వెనక్కి వెళ్లి వద్దాం. అసలు మజా అక్కడే ఉంది.

అమెరికా రాజ్యాంగంలో మొదటి సవరణ అని ఒకటుంది. 1791లో వచ్చింది. ఇంగ్లిష్‌లో మొత్తం 45 మాటలు, అంతే. మన ఆర్టికల్ 19 ఏం చేస్తుంది? పౌరులకి మాట్లాడే హక్కు ఇస్తుంది, ఆ వెంటనే ఏయే కారణాలకి ఆ హక్కుకి కత్తెర వేయొచ్చో లిస్టు కూడా ఇస్తుంది. అమెరికా వాళ్ల సవరణ అలా కాదు. "నీకు హక్కు ఇస్తున్నాం" అని ఎక్కడా అనదు. మాట్లాడే స్వేచ్ఛని తగ్గించే చట్టం చేయకూడదని కాంగ్రెస్‌కి చెబుతుంది. అంటే తాడు కట్టింది ప్రభుత్వం చేతులకి. కాగితం మీద కాంగ్రెస్ అనే ఉన్నా, తర్వాత కోర్టులు దాన్ని అధ్యక్షుడి దగ్గర్నుంచి ఊళ్లో ప్రభుత్వ స్కూలు దాకా అందరికీ వర్తింపజేశాయి.

ఇక్కడే మెలిక. తాడు ప్రభుత్వానికే, కంపెనీలకి కాదు. ఫేస్‌బుక్ మీ పోస్ట్ తీసేసినా, టీవీ చానెల్ తన యాంకర్‌ని ఇంటికి పంపినా మొదటి సవరణ నోరు మెదపదు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. మరి ప్రభుత్వమే ఆ కంపెనీకి ఫోన్ చేసి "ఆ మనిషి కాస్త ఎక్కువ మాట్లాడుతున్నాడు, చూసుకోండి" అంటే? చట్టం లేదు, ఆర్డర్ లేదు, సంతకం లేదు. అయినా పని అయిపోతుంది. దీన్ని అక్కడ జాబోనింగ్ అంటారు. పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, పద్ధతి గుర్తుపెట్టుకోండి.

ఇది కొత్త విద్య కాదు. 1950ల్లో రోడ్ ఐలాండ్ అనే చిన్న రాష్ట్రం, పిల్లల నైతికత కాపాడాలని ఒక కమిషన్ పెట్టింది. ఆ కమిషన్‌కి పుస్తకాలు నిషేధించే అధికారం లేదు, జరిమానా వేసే అధికారమూ లేదు. ఉత్తరాలు మాత్రం రాసేది. పుస్తకాలు సప్లై చేసే హోల్‌సేల్ వ్యాపారికి, "ఈ పుస్తకాలు పిల్లలకి మంచివి కావని మా కమిషన్ తేల్చింది, మీ సహకారానికి ముందే థ్యాంక్స్" అన్నట్టుగా. ఎంత మర్యాదో చూడండి! ఆ లిస్టు పోలీసులకీ వెళ్లేది. ఉత్తరం వచ్చిన కొన్నాళ్లకి ఒక పోలీసాయన షాపుకి వచ్చి, "ఏం చేశారండీ ఆ పుస్తకాలు?" అని అడిగేవాడు. వ్యాపారి ఏం చేస్తాడు? షాపుల నుంచి వెనక్కి తెప్పించి పబ్లిషర్‌కి పంపేశాడు. పబ్లిషర్లు కోర్టుకెళ్లారు. మేం ఊరికే సలహా ఇచ్చామంతే అని ప్రభుత్వం వాదించింది. 1963లో సుప్రీంకోర్టు 8-1తో ఆ వాదన కొట్టేసింది. పోలీసు గుమ్మంలో నిలబడి ఇచ్చేదాన్ని సలహా అని ఎవడనుకుంటాడు అన్నది ఆ తీర్పు సారాంశం. బాంటమ్ బుక్స్ కేసు అంటారు దాన్ని.

ఇప్పుడు 2018కి రండి. ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ స్కూల్‌లో కాల్పులు జరిగాయి, 17 మంది చనిపోయారు. దేశమంతా తుపాకుల మీద కోపంగా ఉంది. న్యూయార్క్‌లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెత్తనం చేసే అధికారి మరియా వల్లో. తుపాకుల సంఘం ఎన్ఆర్ఏతో వ్యాపారం చేస్తే మీ పేరు దెబ్బతింటుంది, ఆలోచించుకోండి అని ఆమె కంపెనీలకి లేఖలు పంపింది. అది పైకి కనిపించేది. లోపల ఒక పెద్ద ఇన్సూరెన్స్ సంస్థతో మీటింగ్‌లో, మీరు ఎన్ఆర్ఏని వదిలేస్తే మీ మిగతా తప్పుల మీద నేను పెద్దగా దృష్టి పెట్టను అన్నట్టు చెప్పిందని ఎన్ఆర్ఏ ఆరోపణ. 2024 మేలో సుప్రీంకోర్టు 9-0తో ఏమందంటే, ఆ ఆరోపణలు నిజమైతే అది మొదటి సవరణని తొక్కేయడమే. తీర్పు రాసింది సోనియా సోటోమేయర్, లిబరల్ జడ్జి. ఇంకో విశేషం, ఎన్ఆర్ఏ తరఫున వాదించింది ఏసీఎల్‌యూ. తుపాకుల విషయంలో వీళ్లిద్దరికీ పడదు. అయినా వాదించారు. నాకు ఈ కేసులో బాగా నచ్చింది అదే.

ఆ మరుసటి నెలలోనే ఇంకో కేసు తేలింది, సారీ, తేలకుండా పోయింది. బైడెన్ ప్రభుత్వం కోవిడ్ టైమ్‌లో పోస్టులు తీసేయమని ఫేస్‌బుక్ లాంటి కంపెనీలని పదేపదే ఒత్తిడి చేసిందని రెండు రాష్ట్రాలు వేసిన కేసు. సుప్రీంకోర్టు 6-3తో, కేసు వేసినవాళ్లకి జరిగిన నష్టం ఫలానా ఒత్తిడి వల్లే జరిగిందని చూపించలేకపోయారు, కాబట్టి కేసు వేసే అర్హతే లేదు అంది. ఒత్తిడి తప్పా ఒప్పా అన్నది చెప్పనేలేదు. రెండు నెలలకి మార్క్ జకర్‌బర్గ్ ఒక ఉత్తరం రాసి, ఒత్తిడి చేసిన మాట నిజమే, అది తప్పు, అప్పుడే మేం గట్టిగా మాట్లాడాల్సింది అన్నాడు. అప్పుడు రిపబ్లికన్లు ఎంత మండిపడ్డారో! 2025 జనవరి 20న ట్రంప్ మళ్లీ గద్దెనెక్కిన రోజే వాక్ స్వేచ్ఛని తిరిగి నిలబెట్టి ఫెడరల్ సెన్సార్‌షిప్‌ని ముగిస్తున్నాం అని ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు.

బాగుంది కదా. ఎనిమిది నెలలు తిరక్కుండానే జిమ్మీ కిమ్మెల్ గొడవ.

2025 సెప్టెంబర్ 10న చార్లీ కర్క్ అనే కన్జర్వేటివ్ నాయకుడిని యూటాలో ఒక యూనివర్సిటీ సభలో కాల్చి చంపారు. తర్వాతి సోమవారం ఏబీసీ చానెల్‌లో కమెడియన్ కిమ్మెల్, నిందితుడు తమవాడు కాదని చెప్పుకోవడానికి ట్రంప్ అభిమానులు తెగ పాట్లు పడుతున్నారంటూ వ్యాఖ్య చేశాడు. నా మాట అడిగితే ఆ వ్యాఖ్య తొందరపాటే. సరే, బుధవారం బ్రెండన్ కార్ ఒక పాడ్‌కాస్ట్‌లో కూర్చున్నాడు. ఈయన ఎఫ్‌సీసీ చైర్మన్. టీవీ స్టేషన్లకి లైసెన్స్ ఇచ్చే సంస్థ అది. దీన్ని సులువుగా అయినా తేల్చొచ్చు, కష్టంగా అయినా తేల్చొచ్చు, కంపెనీలే ఏదో ఒకటి చేస్తే సరి, లేదంటే మాకు పని పడుతుంది అన్నాడు. అదే రోజు నెక్స్‌స్టార్ కంపెనీ, తన చేతిలో ఉన్న ఏబీసీ స్టేషన్లలో కిమ్మెల్ షో వేయమని ప్రకటించింది. కొద్దిసేపటికే ఏబీసీ షోనే ఆపేసింది.

ఈ నెక్స్‌స్టార్ ఎవరు? అప్పటికే టెగ్నా అనే ఇంకో కంపెనీని 6.2 బిలియన్ డాలర్లకి కొనబోతోంది. దానికి పర్మిషన్ ఇవ్వాల్సింది ఎవరు? ఎఫ్‌సీసీ. మేం మా అంతట మేమే నిర్ణయం తీసుకున్నాం అని కంపెనీ అంది. కావచ్చు. రోడ్ ఐలాండ్ పుస్తకాల వ్యాపారి దగ్గరికి కనీసం పోలీసు నడిచి రావాల్సి వచ్చింది, ఇక్కడ పాడ్‌కాస్ట్ చాలింది.

ఈ కథ కోర్టుకి వెళ్లలేదు. దాన్ని తిప్పింది జనం, ఇంకా కొందరు రాజకీయ నాయకులు. డిస్నీ సబ్‌స్క్రిప్షన్లు క్యాన్సిల్ చేయమని సోషల్ మీడియాలో పిలుపులు మొదలయ్యాయి. రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రజ్ కూడా, కిమ్మెల్ అంటే పడకపోయినా, ఇది మాఫియా వాడు బార్‌లోకొచ్చి "మంచి బార్ పెట్టుకున్నారు, దీనికేమైనా అయితే పాపం" అన్నట్టుంది అన్నాడు. రేపు వాళ్లు అధికారంలోకొస్తే ఇదే మన మీద వాడతారు అని కూడా అన్నాడు. 23న కిమ్మెల్ తిరిగొచ్చాడు.

ఇప్పుడు మన ఇన్‌స్టా దగ్గరికి వద్దాం. పైన చెప్పినవాళ్లందరూ అమెరికా లోపల ఉన్నవాళ్లు. వాళ్ల చేతిలో కోర్టుంది, ఓటుంది, కనీసం ఒక షో ఉంది. హైదరాబాద్ కాన్సులేట్ బయట ఫైల్ పట్టుకుని నిలబడ్డవాళ్లకి ఏముంది?

1969లో ఎర్నెస్ట్ మాండెల్ అనే బెల్జియం మార్క్సిస్టు పండితుడిని అమెరికన్ యూనివర్సిటీలు ఉపన్యాసాలకి పిలిచాయి. ప్రభుత్వం వీసా ఇవ్వలేదు. అక్కడి ప్రొఫెసర్లు, ఆయన మాట వినే హక్కు మాకుంది కదా అని కేసు వేశారు. ఎంత తెలివైన వాదనో చూడండి. మాండెల్ హక్కు కాదు, మా హక్కు అన్నారు. 1972లో సుప్రీంకోర్టు 6-3తో ప్రభుత్వం వైపే నిలబడింది. పైకి సరైనదిగా కనిపించే కారణం ఒకటి చెబితే చాలు, కోర్టు దాని వెనక తవ్వి చూడదు అంది. ఆ తీర్పు ఇప్పటికీ బతికే ఉంది. అందుకే 2025 జూన్ 18న ఎఫ్, ఎం, జె వీసాలు అడిగేవాళ్లు సోషల్ మీడియా అకౌంట్లన్నీ పబ్లిక్‌లో పెట్టాలని విదేశాంగ శాఖ చెబితే, బయటున్న మన కుర్రాడు వెళ్లి తట్టడానికి తలుపు దాదాపు లేదు. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్లకీ అదే రూల్ పెట్టారు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు, అన్ని దేశాల కన్నా ఎక్కువ. అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంతమందో మీ వీధిలో లెక్కేసుకున్నా తెలుస్తుంది.

మరి విమానం దిగాక? అక్కడ పరిస్థితి వేరే, కానీ పూర్తిగా వేరే కాదు. 1945లో హ్యారీ బ్రిడ్జెస్ అనే ఆస్ట్రేలియా కార్మిక నాయకుడి కేసులో, దేశంలో ఉంటున్న విదేశీయులకి కూడా వాక్ స్వేచ్ఛ ఉంటుందని సుప్రీంకోర్టు అంది. ఏడేళ్లకే 1952లో, ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారని కొందరిని వెనక్కి పంపేయడం తప్పు కాదు అంది. రెండు తీర్పులూ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ ఖాళీలోనే 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీలో చదివే ఒక టర్కీ పీహెచ్‌డీ విద్యార్థినిని ముసుగులేసుకున్న అధికారులు వీధిలో పట్టుకెళ్లారు. నేరం కేసేం లేదు. గాజా విషయంలో యూనివర్సిటీ వైఖరిని విమర్శిస్తూ ముగ్గురితో కలిసి కాలేజీ పేపర్లో ఒక వ్యాసం రాసింది. ఆరు వారాలకి పైగా డిటెన్షన్‌లో పెట్టాక, జడ్జి వదిలేయమన్నాడు.

సెప్టెంబర్ 30న బోస్టన్‌లో విలియం యంగ్ అనే జడ్జి 161 పేజీల తీర్పు ఇచ్చాడు. చట్టబద్ధంగా దేశంలో ఉన్న విదేశీయులకి మిగతావాళ్లకున్నంత వాక్ స్వేచ్ఛ ఉంది, పాలస్తీనా గురించి మాట్లాడేవాళ్లని భయపెట్టడానికే ఈ అరెస్టులు చేశారు అని. ఈయన్ని జడ్జిగా వేసింది రీగన్, అంటే రిపబ్లికన్ అధ్యక్షుడు. ట్రంప్ దగ్గర క్షమాభిక్షలున్నాయి, ట్యాంకులున్నాయి, నీ దగ్గర ఏముంది అని ఎవరో పేరు లేకుండా ఆయనకో పోస్ట్‌కార్డు పంపారు. ఆయన ఆ కార్డునే తీర్పు మొదటి పేజీ పైన అచ్చు వేసి, కింద జవాబు రాశాడు. నా దగ్గర నేనొక్కడినే, నా విధి తప్ప ఏమీ లేదు, మనందరం కలిస్తే మన రాజ్యాంగం ఉంది అని. కోర్టు తీర్పు అలా మొదలవడం నేనెప్పుడూ చూడలేదు. కాకపోతే అది కింది కోర్టు తీర్పు, పైన ఇంకా మెట్లున్నాయి. అక్కడే ఉండి చదువుకుంటున్నవాళ్లు దీన్ని నమ్ముకుని ఏ పోస్ట్ పెట్టాలో వాళ్లే తేల్చుకోవాలి. నేనైతే ఇక్కడ కూర్చుని ధైర్యం చెప్పను.

ఇప్పుడు అప్లై చేస్తున్నవాళ్లకి ఒక్క విషయం. డీఎస్-160 ఫామ్‌లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా యూజర్‌నేమ్‌లు అడుగుతారు. ఇది 2019 నుంచీ ఉంది. కన్సల్టెన్సీ వాడు "ఒకటి రాస్తే చాలు బ్రో" అంటే వినకండి. తెలిసి దాచారని తేలితే, తప్పుడు సమాచారం ఇచ్చారని శాశ్వతంగా వీసాకి అనర్హులు అయ్యే ప్రమాదం ఉంది. మీరు ఏం పోస్ట్ చేశారన్న దానికన్నా ఇది పెద్ద చిక్కు. ఇంటర్‌లో ఉన్నప్పుడు హీరో పేరుతో పెట్టిన ఫ్యాన్ పేజీ ఉంటుంది చూడండి, ఐదేళ్ల లోపు వాడి ఉంటే, అది కూడా రాయండి.