వీణపై లక్క పగుళ్లు



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో వీణ యున్న యిండ్లు కొద్ది. ఉన్నచోట నది తరచుగ అవ్వల కాలపు సొత్తు. దాని లక్కపూత సాలెగూడువలె పగిలినంతనే, గీకించి రంగు వేయింతమను మాట బయలుదేఱును. నేనెఱిగిన యొక యింట నట్లే చేసిరి. రంగు మెఱసినది; నాదము మూగవోయినది. తీగెల కంపమును గుఱ్ఱము పలకకు నందించును. పలక మ్రోగిననే వీణ పలుకును. దానిపై దళసరి రంగు పట్టించుట మద్దెలపై కంబళి కప్పుట వంటిది.

పూత యేల పగులును? వీణ పనసకొయ్యతో చేయబడును. కొయ్య వానకాలమున తేమ పీల్చి యుబ్బును. 40 డిగ్రీలు దాటు మన వేసవిలో నెండి కుంచించుకొనును. గట్టిదగు లక్క అంతగ సాగదు, కావున పగులును.

మొదట పగులు లక్కదో కొయ్యదో తెలిసికొనుడు. సన్నని వలవంటి గీతలు లక్కవి. కొయ్య నార వెంట నిడుపుగ సాగి, గోరు దిగి, తీగె మీటినపుడు జీరధ్వని పుట్టించునది కొయ్యది. అట్టిదానిని వీణలు చేయువారికే చూపవలెను. బొబ్బిలియు నూజివీడును ఈ పనికి పేరొందిన యూళ్లు.

పూత లక్కయగునో కాదో తెలియుటకు, కుండ యడుగున మఱుగుచోట స్పిరిట్టు తడిపిన గుడ్డతో నొక్కమాఱు తుడువుడు. పూత మెత్తబడి గుడ్డకంటినచో లక్క. లక్క నీట కరగదు, స్పిరిట్టులో కరగును. క్రొత్తలక్క పూసినపుడు అందలి స్పిరిట్టు పాతలక్కను కొంచెము మెత్తపఱచును. రెండును కలిసి యొక్కటగును. అందుచే లక్కకు లక్కయే మందు.

లక్కరేకులను రాత్రి స్పిరిట్టులో నానవైచి, ఉదయమున వడగట్టుడు. వీణను పొడిగుడ్డతో తుడువుడు. నూనె రాయకుడు, నూనె దిగిన పగులున లక్క పట్టదు. దూదిని మెత్తని గుడ్డలో చుట్టి, లక్కనీటిలో ముంచి పిండి, పగులు వెంట తేలికగ రాయుడు. ఆఱిన పిదప మఱల రాయుడు. ఒక్క దళసరి పూతకంటె ఏడెనిమిది పలుచని పూతలు మేలు. దీపము, పొయ్యి, బీడీ దగ్గఱ నుండరాదు, స్పిరిట్టు భగ్గుమనును. ముసురునాళ్లలో పూసినచో పూత తెల్లబాఱును. కార్తికము మొదలు మాఘము వఱకు అనువైన కాలము.

లక్క మనకు పరాయిది కాదు. మోదుగ, రేగు కొమ్మలపై చిన్నపురుగు కూర్చు పదార్థమే. అటకపై వీణయున్నవారు దానిని దింపి, ఎండకును పొయ్యికిని దూరముగ నుంచుడు. గీకు కత్తిని మాత్రము దరి చేరనీయకుడు. ముత్తవ్వ విన్న నాదమునే మనుమరాలును వినవలెను గదా! సెలవు.