ఎట్టా గని, లకోటాల కొండలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోన్ బ్యాటరీలో ఉండే లిథియం రాతిలోంచి ఎలా వస్తుందని హాస్టల్లో పిల్లలు అడుగుతుంటారు. అమెరికాలో, దక్షిణ డకోటాలోని ఎట్టా గని సంగతి చెబుతాను.

సుమారు 170 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల గ్రానైట్ శిలాద్రవం గడ్డకడుతుంటే, చివరికి నీరు, లిథియం ఎక్కువగా ఉన్న ద్రవం మిగిలింది. అది చుట్టూ ఉన్న రాళ్ల పగుళ్లలోకి చొరబడి భారీ స్ఫటికాలుగా మారింది. అదే పెగ్మటైట్. మన గూడూరు అభ్రకం కూడా ఇలాంటి రాతిలోదే. ఎట్టాలో స్పోడుమీన్ అనే లిథియం ఖనిజపు స్ఫటికం ఒకటి 42 అడుగుల పొడవుంది. తాటిచెట్టంత! అంత పెద్దవి కాబట్టే పేల్చిన రాయిని సుత్తితో కొట్టి చేత్తోనే ఏరేవారు. 1883లో అభ్రకం కోసం తెరిచారు. తర్వాత తగరం అన్నారు, కలిసిరాలేదు. 1898 నుంచి లిథియం తీశారు. 1960లో, మన ఫోన్లు పుట్టకముందే, మూసేశారు.

ఆ బ్లాక్ హిల్స్ లకోటా ఆదివాసులకు పవిత్రమైన కొండలు. 1868 ఒప్పందంలో మీవేనని రాసిచ్చి, 1877లో లాగేసుకున్నారు. ఆరేళ్లకే గని మొదలైంది. 1980లో అక్కడి సుప్రీంకోర్టు పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. ఆ తెగలు ఇప్పటికీ ఆ డబ్బు ముట్టలేదు. కొండలే కావాలంటున్నాయి.