కీళ్ల నొప్పులన్నీ నీళ్ల పాపం కాదు



నేను ఇమ్యునాలజీ పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. ఆ చదువు మన ఊళ్లకు ఎట్లా పనికొస్తుందో చెప్పమన్నారు.

నల్లగొండలో కీళ్లు పట్టేస్తే మొదట వినబడే మాట "ఫ్లోరైడ్ నీళ్లు". అది ఊరికే అన్నది కాదు; ఆ నీళ్లు వంచిన నడుములను మనమంతా చూసినం. కానీ ప్రతి కీళ్లనొప్పీ ఫ్లోరోసిస్ కాదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మనల్ని కాపాడాల్సిన కణాలే మన కీళ్ల మీద పడతాయి.

ఆ కణాలకు కబురు తెచ్చేది సైటోకైన్ అనే ప్రోటీన్. అది కణం గడప దాటదు, తలుపు తట్టి ఆగుతుంది. ఆ తలుపే రిసెప్టర్. దాని లోపలివైపు ఉండే ఎంజైములే జానస్ కైనేజులు, పొట్టిగా జాక్‌లు. ఇవి నాలుగు: జాక్1, జాక్2, జాక్3, టిక్2. తలుపు చప్పుడుకు ఇవి ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకొని మేల్కొంటాయి. తర్వాత రిసెప్టర్‌కూ, స్టాట్ అనే ప్రోటీన్లకూ తగిలిస్తాయి. స్టాట్‌లు జంటకట్టి కేంద్రకంలోకి పోయి జన్యువులను పనిలో పెడతాయి. ప్రతి జాక్‌లో ఒకే పోలిక గల రెండు భాగాలుంటాయి. ఒకటి పని చేస్తుంది, రెండోది దాన్ని అదుపులో ఉంచుతుంది. అందుకే రెండు ముఖాల రోమన్ దేవుడి పేరు పెట్టారు.

వీటిని అడ్డుకునే మాత్రల్లో బారిసిటినిబ్ ఒకటి. 2021 మే నెలలో, కోవిడ్ రెండో అల నడుమ, హైదరాబాద్ నాట్కో ఫార్మాకు దాని అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది. హక్కులు ఎలీ లిల్లీ చేతిలో ఉన్నందున నాట్కో కంపల్సరీ లైసెన్సు కోరింది. ఆ నెలలోనే లిల్లీ స్వచ్ఛందంగా లైసెన్సు ఇచ్చింది. నాట్కో ఫ్యాక్టరీలు మన నాగార్జునసాగర్‌లో, పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ఉన్నాయి.

అయితే క్షయ క్రిమిని చంపమని చెప్పే ఇంటర్‌ఫెరాన్ గామా కబురు కూడా జాక్‌ల దారినే పోతుంది. అందుకే మాత్ర మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. గుండెపోటు, రక్తం గడ్డకట్టే ముప్పుల గురించి 2021లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. సొంతంగా కొని మింగే మందు కాదిది.

మనలో చాలామంది అమ్మానాన్నలు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. దసరాకు పోయినప్పుడు వాళ్ల చేతివేళ్లు పట్టుకొని చూడండి. వేళ్ల కణుపులు వాచి, పొద్దున గంటకు పైగా బిగుసుకుపోతుంటే, "నీళ్ల మహిమ" అని ఊరుకోకండి. కీళ్ల డాక్టరుకు చూపించండి. తొందరగా మందు పడితే ఆ చేతులు వంకర పోకుండా నిలుస్తాయి.