ఊరికి చెప్పనక్కర్లేదు, డాక్టరుకు దాచకూడదు



కోరాపుట్ వైపు నుంచీ, రాయగడ వైపు నుంచీ రైలెక్కి ఈ కకిరిగుమ్మ కూడికకు వచ్చారు. ఈ రోజు మీతో దగ్గు గురించి మాట్లాడాలి.

నాకు తెలిసిన ఒక సహోదరుడు ఉన్నాడు. పేరు చెప్పను, ఊరూ చెప్పను. హెచ్‌ఐవీ మందులు తప్పకుండా వేసుకుంటాడు. తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. దగ్గు పట్టుకుంది, బరువు తగ్గాడు. టీబీ అని తేలింది. అక్కడ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తామంటే వద్దన్నాడు, తన సంగతి చెప్పలేదు. "అయ్యగారూ, ఒక్క జబ్బుకే దూరం పెడతారు. రెండని తెలిస్తే బతకనిస్తారా?" అని నా దగ్గర ఏడ్చాడు.

ఆ దాపరికం ఎంత ప్రమాదమో వినండి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, హెచ్‌ఐవీకి ఇచ్చే డోలుటెగ్రావిర్ బలాన్ని ఒంట్లో తగ్గించేస్తుంది. అందుకే రెండూ కలిపి వాడేటప్పుడు డాక్టర్లు డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు ఇస్తారు. ఒక జబ్బు దాస్తే ఆ రెండో మాత్ర అందదు.

ప్రపంచంలో హెచ్‌ఐవీతో ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది టీబీయే. వాళ్లకు టీబీ ఉన్నా, మైక్రోస్కోపులో కళ్లె చూస్తే క్రిమి కనబడకపోవచ్చు. కాబట్టి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏ ఒక్కటున్నా రెండు వారాలు చూద్దామని ఆగకండి. టీబీ లేదని తేలితే, రాకుండా కాపాడే మాత్రలూ ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం. టీబీ చికిత్సలో ఉన్నవారికి తిండి కోసం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు. హెచ్‌ఐవీ ఉందని వివక్ష చూపడం 2017 చట్టం ప్రకారం నిషేధం.

మరి మన సంఘం మాటేమిటి? ప్రార్థన విన్నపాల్లో మనిషి పేరూ జబ్బూ కలిపి చదవడం మానేద్దాం. ప్రార్థన చేశాం కదా, మందులు ఆపెయ్యి అనే మాట మన నోట రాకూడదు. యేసు కుష్ఠురోగిని ముట్టుకున్నాడు. తర్వాత ఎవరికీ చెప్పవద్దన్నాడు, యాజకుడికి మాత్రం చూపించుకొమ్మన్నాడు. తెలియవలసిన వాళ్లకు తెలిస్తే చాలు.

ఆ సహోదరుడితో నేను ఆసుపత్రికి వెళ్లాను. లోపలికి వెళ్లలేదు, బయట బల్ల మీద కూర్చున్నాను. తన సంగతి తానే చెప్పుకున్నాడు. ఆరు నెలల మందులు పూర్తి చేశాడు.

మీ ఊళ్లో అలాంటి బల్ల మీద కూర్చునేది ఎవరు?