ట్రాన్స్‌ఫార్మరుపై సమతూకం లేని లోడు
(మడకశిరలో తోటి పెన్షనర్ల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



"లోడు ఎక్కువేమీ లేదు సార్, అయినా ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది" అనే మాట సర్వీసులో మనమంతా విన్నదే. అందులోని మర్మాన్ని నాలుగు ముక్కల్లో మనవి చేస్తాను.

ఒక 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు తీసుకుందాం. ఎల్.టి. వైపు అది ఫేజుకు 84 ఆంపియర్లు, మూడూ కలిపి 252 ఆంపియర్లు మోయగలదు. ఒక సాయంత్రం టాంగ్ టెస్టరు పెట్టి చూస్తే ఎర్ర ఫేజులో 120, పసుపులో 60, నీలంలో 30 ఉన్నాయనుకోండి. మొత్తం 210. కాగితం మీద ఇది సుఖంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరే! కాని ఎర్ర ఫేజు చుట్ట తన శక్తికి మించి నూటికి 43 వంతులు ఎక్కువ మోస్తున్నది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక ఆ చుట్టలో పుట్టే వేడి రెండింతలు. కాగితపు ఇన్సులేషను అక్కడే మాడుతుంది. బస్తాలన్నీ ఒక పక్కకే వేస్తే బండి ఏమవుతుందో మన రైతులకు చెప్పనక్కరలేదు.

ఇక న్యూట్రల్ సంగతి. మూడు ఫేజులూ సమంగా ఉంటే దానిలో కరెంటు దాదాపు సున్న. పై లెక్కలో 79 ఆంపియర్లు పారుతుంది. అదే లోడును 70 చొప్పున పంచితే వచ్చే నష్టంతో పోలిస్తే, తీగలన్నీ ఒకే మందమైతే, తీగల్లో నష్టం నూటికి సుమారు 71 వంతులు పెరుగుతుంది. ఆ వేడికి న్యూట్రల్ జాయింటు ఊడిందా, తక్కువ లోడున్న నీలం ఫేజు ఇళ్లకు 230 బదులు 300 వోల్టుల దాకా వెళ్ళవచ్చు. టి.వి.లు, ఫ్రిజ్‌లు పోయేది అప్పుడే.

ఈ తేడా ఎలా వస్తుంది? కొత్త సర్వీసు ఇచ్చినప్పుడల్లా చేతికందిన తీగకే తగిలించడం ఒక కారణం. త్రీ ఫేజు సరఫరా లేని వేళల్లో కెపాసిటర్లు కట్టి మోటార్లు నడపడం మరొకటి. ఫేజుల మధ్య వోల్టేజి ఒక్క శాతం తేడా వస్తే మోటారు కరెంటులో ఆరు నుండి పది శాతం తేడా రావచ్చు. బోరు మోటార్లు కాలడానికి ఇదీ ఒక కారణమే.

మనది వాననీటి కంటె బోరునీటిని నమ్ముకున్న సీమ. నాలుగో జ్వరం దాటిన పట్టుపురుగులు మేత మీద ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మరు కాలితే మల్బరీ తోటకు తడి ఆగుతుంది. నష్టం ఒక్క ఇనుప డబ్బాది కాదు, ఒక కుటుంబం పంటది.

మందు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రాత్రి దీపాల వేళ ఒకసారి, మోటార్లు నడిచే వేళ ఒకసారి మూడు ఫేజులూ, న్యూట్రలూ కొలవాలి. ఎక్కువ ఉన్న ఫేజు నుండి కొన్ని సర్వీసులు తక్కువ ఉన్న దానికి మార్చాలి. న్యూట్రల్ జాయింట్లు బిగించాలి.

ఈ పని ఇప్పటి సిబ్బందిది. మనలో ఎవరూ స్తంభం ఎక్కవద్దు, పిల్లలను ఎక్కనీయవద్దు. ఒక పక్క ఇళ్లలో దీపాలు మసకగా, మరో పక్క మరీ తెల్లగా వెలుగుతుంటే వెంటనే మెయిను ఆపి, 1912కు గాని సెక్షన్ ఆఫీసుకు గాని చెప్పండి. మీ ఊరి కుర్ర లైన్‌మన్ కనబడితే ఒక్క మాట అడగండి: "నాయనా, మొత్తం సరే, ఫేజుకెంత?" మన అనుభవం నుండి వారికి ఇవ్వగలిగిన పెన్షను అదే.